పసి శరీరం, పరాయి రసాయనం: పల్నాటి నుంచి ఒక వైద్య చరిత్ర

1. ప్రవేశిక

చరిత్రకు ఆధారాలు ఏవి అని అడిగితే శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, కైఫీయత్తులు అని మీరు వెంటనే చెప్పగలరు. మొదటి సంవత్సరం పాఠాలలో మీరు చదివినది అదే. ఈ వ్యాసంలో మరొక ఆధారాన్ని పరిచయం చేస్తున్నాను. అది మనిషి పన్ను.

శరీరంలో దాదాపు ప్రతి భాగం పాడైతే ఎంతో కొంత తిరిగి బాగుపడుతుంది. చర్మం మానుతుంది, విరిగిన ఎముక అతుకుతుంది. పంటి పైపొర అయిన ఎనామిల్ అలా కాదు. చిన్నతనంలో ఒకసారి తయారవుతుంది. దానిని తయారుచేసిన కణాలు పని పూర్తికాగానే అంతరిస్తాయి. ఆపై దిద్దుబాటు లేదు. జ్ఞానదంతాలను పక్కన పెడితే, మన శాశ్వత దంతాల పైభాగాలన్నీ పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ళ వయసులోపు చిగురు లోపలే తయారైపోతాయి. ఆ ఎనిమిదేళ్ళలో బిడ్డ శరీరంలోకి వచ్చిన కొన్ని పదార్థాలు ఆ పొరలో గుర్తు వదిలి వెళ్తాయి. యాభై ఏళ్ళ తరువాత కూడా ఆ గుర్తును చదవవచ్చు.

మాది నరసరావుపేటకూ వినుకొండకూ మధ్య ఒక పల్లె. మా బడిలో తీయించిన గ్రూపు ఫోటో ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో సగం మంది పిల్లలు పెదవులు బిగించి నిలబడ్డారు. ఫోటో అంటే భయమనుకున్నాను చాలాకాలం. అది గారపళ్ళ సిగ్గు అని తరువాత అర్థమైంది. మా చెల్లెలు కూడా అలాగే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. పెళ్ళిచూపులకు వచ్చినవారు వెళ్ళిపోయాక మా అమ్మ నూతిని తిట్టుకునేది. మా అమ్మ కోపంలో ఎంత నిజముందో ఈ వ్యాసం చివరి భాగంలో చూద్దాం. ముందు ఆ నూతి సంగతి.

2. 1937: దర్శి, పొదిలి

పల్నాటికి దక్షిణాన ఉన్న దర్శి, పొదిలి ప్రాంతాలు ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. 1930ల నాటికి ఆ గ్రామాలలో ఒక వింత జబ్బు కనబడుతుండేది. దుక్కిటెద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడాన్ని రైతులే ముందుగా గమనించారని చెబుతారు. మనుషులలో చిన్నతనంలోనే పళ్ళు సుద్దలా తెల్లబడి, తరువాత గోధుమరంగు తిరిగేవి. నడివయసు వచ్చేసరికి కొందరికి వెన్నెముక కర్రలా బిగుసుకుపోయేది. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగవలసి వచ్చేది.

గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్, మద్రాసు వైద్యులు మెక్‌రాబర్ట్, ఎక్స్‌రే నిపుణుడు బర్నార్డ్, వారితో మన్నాడి నాయర్ కలిసి ఈ రోగులను పరీక్షించారు. 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వారి నివేదిక వెలువడింది. తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల మనుషుల ఎముకలు ఇలా మారతాయని మనదేశంలో నిర్ధారించిన తొలి అధ్యయనం ఇదే. అదే 1937లో డెన్మార్క్‌లో కాజ్ రోహోమ్ క్రయోలైటు కర్మాగార కార్మికుల ఎముకలపై తన పెద్ద గ్రంథాన్ని ప్రచురించాడు. అక్కడ రసాయనం దుమ్ముగా ఊపిరితో వెళ్ళింది. ఇక్కడ నూతినీరుగా కడుపులోకి వెళ్ళింది.

మన చర్చకు ఇంకా ముఖ్యమైనది 1940 నాటి అధ్యయనం. సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి, సుబ్బారావు, కృష్ణమూర్తి కలిసి చేశారు. ఈ పండిట్ తరువాత భారత వైద్య పరిశోధన మండలికి తొలి డైరెక్టరు అయ్యారు. వారు ఒక జబ్బును రెండు వయసులకు విడదీసి చూశారు. పిల్లలలో పంటి ఎనామిల్ చెడటం ఒకటి, పెద్దలలో ఎముకల తీవ్ర వికృతి మరొకటి. నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందన్నదానితో పాటు ఆ కుటుంబాల తిండి ఎలా ఉందన్నది కూడా రోగ తీవ్రతను నిర్ణయిస్తుందని వారు గుర్తించారు. పోషకాహారం సరిగా లేని చోట జబ్బు ముదిరింది. అంటే ఒకే నూతి నీరు తాగిన రెండిళ్ళలో ఫలితం ఒకేలా ఉండకపోవచ్చు. ఈ మాటను గుర్తుంచుకోండి. నాగార్జునసాగర్ దగ్గరకు వచ్చినప్పుడు మళ్ళీ అవసరమవుతుంది.

3. పెద్దలకు అంటని మరక

ఇక్కడ కొంచెం వెనక్కి, కొంచెం దూరం వెళ్ళాలి. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణానికి వచ్చాడు. అక్కడి పిల్లల పళ్ళపై గోధుమ మరకలు చూశాడు. ఆ కాలంలో పేరుపొందిన దంతశాస్త్రవేత్త జి.వి. బ్లాక్ సాయంతో ఏళ్ళ తరబడి కారణం వెతికాడు. కారణం దొరకకముందే అతనికి ఒక విషయం స్పష్టంగా తెలిసింది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవారికే మరకలున్నాయి. పెద్దవయసులో వచ్చి స్థిరపడినవారు ఎన్నేళ్ళు ఆ నీరు తాగినా వారి పళ్ళు చెక్కుచెదరలేదు.

దీని అర్థం ఏమిటో ఆలోచించండి. నీరు ఒక్కటే. రసాయనం ఒక్కటే. తేడా అంతా తాగే శరీరం వయసులో ఉంది. మెకే, బ్లాక్ 1916లో దీనిని ఎనామిల్ ఎదుగుదలలో లోపంగానే వర్ణించారు. ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే చిన్న ఊరు 1925లో మెకే సలహాపై తన నీటి వనరు మార్చుకుంది. కొన్నేళ్ళకు అక్కడి చిన్నపిల్లలకు తెల్లని పళ్ళు వచ్చాయి. అప్పటికే మరకలున్న పెద్దపిల్లలకు మాత్రం అవి పోలేదు. ఇంత జరిగాక, 1931లో గానీ అసలు దోషి ఫ్లోరైడ్ అని తేలలేదు. తేల్చినవాడు అల్యూమినియం కంపెనీ రసాయనవేత్త చర్చిల్.

కారణం తెలియకుండానే ఒక ఊరు సరైన చర్య తీసుకోగలిగింది. ప్రజారోగ్య చరిత్రలో ఇటువంటివి ఇంకా ఉన్నాయి. లండన్‌లో కలరా సమయంలో చేతిపంపు పిడి తీయించిన జాన్ స్నో కథ మీలో కొందరు చదివే ఉంటారు.

4. బిడ్డ శరీరంలో ఏం జరుగుతుంది?

మీలో ఎక్కువమంది చరిత్ర, రాజనీతిశాస్త్రం, తెలుగు సాహిత్యం ఎంచుకున్నవారు. శరీరశాస్త్రం చూసి వెనుకంజ వేయవద్దు. ఏ పరాయి పదార్థమైనా శరీరంలో నాలుగు మజిలీలు దాటుతుంది. లోపలికి ఇంకడం, శరీరమంతా పంపిణీ కావడం, కాలేయంలో మార్పు చెందడం, మూత్రపిండాల ద్వారా బయటికి పోవడం. బిడ్డలో ఈ నాలుగూ పెద్దవారిలా ఉండవు. ఆ తేడా కూడా ఒకే దిశలో ఉండదు. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు పరిమాణం సంగతి. ఒక చిన్న లెక్క వేద్దాం. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నూతి అనుకోండి. 60 కిలోల రైతు ఎండాకాలంలో రోజుకు 4 లీటర్లు తాగితే అతనికి అందేది 12 మిల్లీగ్రాములు, అంటే కిలో బరువుకు 0.2. పది కిలోల పసివాడు రోజంతా కలిపి ఒక లీటరు తాగితే 3 మిల్లీగ్రాములే. కానీ కిలో బరువుకు 0.3. తక్కువ తాగినవాడికే ఎక్కువ మోతాదు అందింది. మన జాతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిది. మరో వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు.

తరువాత నిల్వ. పెద్దవారిలో ఒంటికి పట్టిన ఫ్లోరైడ్‌లో దాదాపు సగం మూత్రంలో పోతుంది. ఎదిగే శిశువులో పరిస్థితి వేరు. కొత్త ఎముక రోజూ తయారవుతోంది, దానికి కాల్షియం కావాలి, ఫ్లోరైడ్‌కు కాల్షియం ఉన్న చోట అతుక్కునే గుణముంది. అందువల్ల శిశువు ఒంటికి పట్టిన ఫ్లోరైడ్‌లో 80 నుంచి 90 శాతం దాకా ఎముకలలో, తయారవుతున్న పళ్ళలో నిలిచిపోతుంది. శరీరంలో ఉన్న మొత్తం ఫ్లోరైడ్‌లో 99 శాతం ఉండేది ఎముకలు, పళ్ళలోనే. పెరుగుదల అనే మంచి పనే ఇక్కడ ప్రమాదానికి తలుపు తీస్తోంది.

ఇందులో ప్రకృతి ఒక అడ్డుగోడ కూడా కట్టింది. తల్లి ఎంత ఫ్లోరైడ్ నీరు తాగినా ఆమె పాలలోకి చేరేది చాలా స్వల్పం. రొమ్ముపాలు తాగే బిడ్డ ఆ కొన్ని నెలలూ రక్షణలో ఉంటుంది. అదే డబ్బాపాల పొడిని బోరునీటిలో కలిపి పట్టిస్తే నీటిలోని ఫ్లోరైడ్ మొత్తం బిడ్డకు చేరుతుంది. నీటిని కాచినా లాభం లేదు. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలినది మరింత చిక్కబడుతుంది. మా ఇళ్ళలో కాచి చల్లార్చిన నీళ్ళంటే అన్ని దోషాలూ పోయినట్టే అనుకునేవారు.

ఇక కాలేయం, మూత్రపిండాలు. అప్పుడే పుట్టిన బిడ్డ మూత్రపిండాల వడపోత శక్తి, శరీర వైశాల్యం ప్రకారం లెక్కించినా, పెద్దవారిలో మూడో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. పెద్దల స్థాయికి రావడానికి సుమారు ఏడాది పడుతుంది. కాలేయంలోని ఎంజైములు ఒక్కొక్కటి ఒక్కో వయసులో పనిలోకి దిగుతాయి. కాఫీలోని కెఫీన్‌ను చూడండి. పెద్దవారి శరీరం అందులో సగాన్ని అయిదారు గంటల్లో వదిలించుకుంటుంది. నవజాత శిశువుకు అదే పనికి మూడు నాలుగు రోజులు పడుతుంది. అలాగని పిల్లలందరి శరీరమూ మందకొడి అనుకుంటే మళ్ళీ పొరపాటే. రెండు మూడేళ్ళ పిల్లలు ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ వంటి మందులను, బరువు ప్రకారం చూస్తే, పెద్దల కంటే వేగంగా ఖర్చు చేస్తారు. కాబట్టి పెద్దవారి మాత్రను సగం విరిచి ఇవ్వడం ఒక వయసులో ఎక్కువ కావచ్చు, మరో వయసులో చాలకపోవచ్చు. మన ఇళ్ళలో ఇప్పటికీ జరిగే పని కనుక ఈ మాట చెబుతున్నాను.

5. సాగర్ నీళ్ళు, వంగిన కాళ్ళు

పల్నాడు రాతినేల. శ్రీనాథుడి పేర ప్రచారంలో ఉన్న చాటువులు ఇక్కడి రాళ్ళనూ జొన్నకూటినీ ఎత్తిపొడిచిన సంగతి మీకు తెలుసు. మాచర్ల, గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ళ వైపు సున్నపురాయి, నాపరాయి. వినుకొండ, బొల్లాపల్లి వైపు గ్రానైటు జాతి శిలలు. నీటిలో కాల్షియం పుష్కలంగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి అడుగుకు చేరుతుంది కనుక నీటిలో అంతగా కరిగి ఉండలేదు. గ్రానైటు నేలలో, సోడా గుణం ఎక్కువగా ఉండి కాల్షియం తక్కువైన నీటిలో ఫ్లోరైడ్ బాగా కరుగుతుంది. అందుకే ఫ్లోరైడ్ బాధ వినుకొండ, బొల్లాపల్లి వైపు, అక్కడినుంచి ప్రకాశం వైపు ఎక్కువగా వినబడుతుంది. కృష్ణ ఆవలి ఒడ్డున నల్లగొండ జిల్లాలో గ్రానైటు నేల ఇంకా విస్తారం. నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి 1955లోనే ఎ.హెచ్. సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు.

అదే 1955 డిసెంబరు 10న మాచర్ల దాపున నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. 203 కిలోమీటర్ల కుడికాలువ పల్నాడు గుండా సాగి ప్రకాశం నేలలకు చేరింది. జొన్న, సజ్జ పండిన చోట్ల వరి వచ్చింది. కాలువ నీటితో చెరువులు నింపుకుని తాగిన ఊళ్ళకు నది నీరు అందింది. నది నీటిలో ఫ్లోరైడ్ తక్కువ. 1937 నివేదికలో చోటుచేసుకున్న దర్శి సీమకే దర్శి బ్రాంచి కాలువ వెళ్ళడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇంతవరకు కథ సుఖాంతంలా కనిపిస్తుంది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. ఫ్లోరైడ్ పీడిత ప్రాంతంలో కౌమారంలో ఉన్న పిల్లల కాళ్ళలో కొత్త వికృతి కనబడుతోందని అందులో తెలియజేశారు. మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకుంటాయి, పాదాలు ఎడమవుతాయి. వైద్యులు దీనిని జెనూ వాల్గమ్ అంటారు. వెనుకటి తరంలో ఫ్లోరోసిస్ నడివయసువారి వెన్నును బిగించేది. ఇప్పుడు బడికి వెళ్ళే పిల్లవాడి కాళ్ళను వంచుతోంది. ఎక్స్‌రేలో వెన్నెముక గట్టిపడి, కాళ్ళ ఎముకలు మాత్రం పలుచబడి కనిపించాయి.

ఎందుకీ మార్పు? ఆ పరిశోధకులు ఒక ప్రతిపాదన చేశారు. జలాశయం, కాలువల ఊట వల్ల భూగర్భజలం పైకి వచ్చింది. నేల క్షారత పెరిగింది. క్షారనేలలో మొక్క మాలిబ్డినం అనే లోహాన్ని ఎక్కువగా తీసుకుంటుంది. జొన్నగింజలలో అది ఎక్కువగా చేరింది. మాలిబ్డినం ఎక్కువైన జొన్న తిన్నవారి మూత్రంలో రాగి ఎక్కువగా పోతుందని అదే సంస్థలో దేవస్థలే, గోపాలన్ చేసిన పరీక్షలలో తేలింది. ఎముకలోని పీచు బలంగా అల్లుకోవడానికి రాగి కావాలి. అది తగ్గి, కాల్షియం తక్కువై, పైన ఫ్లోరైడ్ చేరితే, వేగంగా పెరుగుతున్న మోకాలి దగ్గరి ఎముక బరువు మోయలేక వంగుతుంది. వరి తినేవారిలో కంటే జొన్న తినేవారిలో ఈ వికృతి ఎక్కువగా కనబడటం ఈ వాదనకు బలమిచ్చింది. 1975లో లండన్ నుంచి వెలువడే న్యూ సైంటిస్ట్ పత్రిక భారతదేశపు పెద్ద ఆనకట్ట వికలాంగులను తయారుచేస్తోందన్న ధోరణిలో రాసింది.

చరిత్ర విద్యార్థులుగా మీరు ఇక్కడ కొంచెం ఆగాలి. ఆనకట్ట తరువాత జబ్బు కనబడింది కనుక ఆనకట్టే కారణమని చెప్పడం సులువు. ఆనకట్టకు ముందే దర్శిలో 1937లో, నల్లగొండలో 1955లో ఫ్లోరోసిస్ ఉంది. అది సాగర్ సృష్టి కాదు. కొత్తగా వచ్చింది దాని రూపం, అది పట్టుకున్న వయసు. తరువాతి దశాబ్దాలలో మీరట్ వైద్యులు ఎస్.పి.ఎస్. తియోతియా, ఎం. తియోతియా ఉత్తరాది గ్రామాలలో పనిచేసి, తిండిలో కాల్షియం తక్కువైన పిల్లలలోనే ఫ్లోరైడ్ ఇటువంటి వికృతులను తెచ్చిపెడుతుందని చూపారు. ఇది 1940లో పండిట్ బృందం పోషకాహారం గురించి అన్నదానికి దగ్గరగా ఉంది. నా అభిప్రాయం అడిగితే, సాగర్‌ను ముద్దాయిని చేయడానికీ నిర్దోషిగా వదిలేయడానికీ రెండింటికీ సాక్ష్యం చాలదు. కానీ ప్రాజెక్టుల లాభాలను ఎకరాలలో, టన్నులలో కొలిచిన మన నివేదికలు పిల్లల మోకాళ్ళను కొలవలేదన్నది మాత్రం నిజం. ఆ పని ఒక పోషకాహార ప్రయోగశాల చేయవలసి వచ్చింది.

మరొక మార్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1960ల చివరి కరవుల తరువాత యునిసెఫ్ సాయంతో గ్రామాలలో బోర్లు, చేతిపంపులు విరివిగా వచ్చాయి. ఇండియా మార్క్ 2 పంపు మీ ఊళ్ళో కూడా ఉండే ఉంటుంది. కలరా, విరేచనాల నుంచి ఎందరో పిల్లలను అవి కాపాడాయి. అయితే చాలాచోట్ల లోతు బోరు నీరు రాతితో ఎక్కువకాలం కలిసి ఉన్న నీరు. క్రిమి లేని నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండవచ్చు. నీటిని శుద్ధి చేసే నల్లగొండ పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది. సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరిన నీటిని వాడుకునే పద్ధతి అది. చవకైనదే. రోజూ మందు కలిపి, అడుగున చేరిన మడ్డి తీసే మనిషి ఉన్నంతకాలం అది పనిచేస్తుంది.

6. మందు అనే పరాయి పదార్థం

ఇప్పుడు మా చెల్లెలి పళ్ళ దగ్గరకు వద్దాం. మా ఇంట్లో నలుగురం ఒకే నూతి నీరు తాగి పెరిగాం. ముగ్గురి పళ్ళు దాదాపు బాగానే ఉన్నాయి. ఆమెకు మాత్రం ముందు పళ్ళ మీద అడ్డంగా చారలు, మొదట పసుపుగా ఉండి క్రమంగా ముదురు గోధుమరంగుకు మారినవి. నీటి గార అయితే ఇంటిల్లిపాదికీ, ఊరందరికీ ఎంతో కొంత ఉండాలి కదా! ఈ ప్రశ్న మాలో ఎవరికీ తట్టలేదు. నలభై దాటాక ఆమెను చూసిన ఒక దంతవైద్యుడు రెండు నిమిషాల్లో అడిగాడు: చిన్నప్పుడు జ్వరానికి ఏదైనా సిరప్ చాలాకాలం పట్టించారా అని. పట్టించారు. ఏడాది బిడ్డగా ఉన్నప్పుడు దగ్గు, జ్వరం తిరగబెట్టినప్పుడల్లా పక్క ఊరి వైద్యుడు ఒకరు తియ్యని పసుపు మందు ఇచ్చేవాడని మా అమ్మకు బాగా జ్ఞాపకం. అది టెట్రాసైక్లిన్ జాతి మందు. ఆయనను తప్పుపట్టలేను. బిడ్డ బతికింది.

టెట్రాసైక్లిన్ కూడా ఫ్లోరైడ్ లాగానే కాల్షియాన్ని అంటిపెట్టుకుంటుంది. తయారవుతున్న పంటిలో చేరి అక్కడే ఉండిపోతుంది. మందు వాడిన ప్రతిసారీ ఒక చార. చెట్టు కాండంలో వలయాల వంటిది. ఈ జాతి మందులలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వచ్చింది. కనుగొన్నది బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధనలు జరిగింది లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో. అదే ప్రయోగశాల నుంచి వచ్చిన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో రక్తకాన్సరు పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించగలిగాడు. పిల్లల వైద్యానికి ఇంత మేలు చేసిన ఆ ప్రయోగశాల మందే పిల్లల పళ్ళకు మచ్చ తెస్తుందని అప్పుడు ఎవరికీ తెలియదు. 1950ల రెండవ సగంలో ఆ సంగతి బయటపడింది. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు సాధారణంగా ఈ మందులు ఇవ్వకపోవడానికి కారణం ఇదే. పల్లెలకు ఆ హెచ్చరిక చేరేసరికి ఎందరి పళ్ళు తయారైపోయాయో!

మరకతో పోయింది కనుక మా ఇంటి కథ చిన్నది. క్లోరాంఫెనికాల్ కథ అలా కాదు. 1947లో వెనిజువెలా మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఈ మందు టైఫాయిడ్‌కు వరమైంది. క్లోరోమైసిటిన్ అనే పేరు మీ ఇంటి పెద్దలను అడిగితే ఇప్పటికీ చెబుతారు. అమెరికా ఆసుపత్రులలో నెలలు నిండక పుట్టిన శిశువులకు రోగం రాకుండా ముందుజాగ్రత్తగా దీనిని ఇచ్చారు. కొందరికి పొట్ట ఉబ్బి, వాంతులై, ఒళ్ళు బూడిదరంగుకు తిరిగి ప్రాణం పోయింది. 1959లో బర్న్స్, హాడ్జ్‌మన్, కాస్ లెక్కలు తీశారు. మందు ఇవ్వని శిశువులలో కంటే ఇచ్చినవారిలోనే మరణాలు చాలా ఎక్కువ. ఈ మందును చక్కెర జాతి పదార్థంతో జతచేసి బయటికి పంపే ఎంజైము నవజాత శిశువు కాలేయంలో ఇంకా తగినంత లేదు. మూత్రపిండాలూ ఎదగలేదు. రోజురోజుకూ మందు పోగుపడింది. మోతాదు బరువు ప్రకారం సరిగానే లెక్కకట్టారు. వయసును లెక్కలోకి తీసుకోలేదు.

ఈ రకం ఎంజైముల కొరతే నల్లమందు విషయంలోనూ వర్తిస్తుంది. ఏడ్చే బిడ్డను పడుకోబెట్టి పనికి వెళ్ళడానికి తల్లులు ఇంత నల్లమందు నాకించడం వలసపాలన నాటి భారతదేశంలో మామూలే. 1893లో నియమితమైన రాయల్ ఓపియం కమిషన్ ముందు దీనిపై చర్చ జరిగింది. పనిపాటల తల్లి నిస్సహాయతను మరచి ఆ అలవాటును కేవలం అజ్ఞానమనడం నాకు ఇష్టం లేదు. బిడ్డకు మాటలు రావాలని మనం అరగదీసి నాకించే వస కొమ్ము సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అందులోని ఒక పదార్థం జంతువులలో హాని చేస్తుందని తేలడంతో అమెరికా 1968లో ఆహారంలో వస వాడకాన్ని నిషేధించింది. పాతది కనుక మంచిదనీ, మొక్క కనుక మందు కాదనీ అనుకోనవసరం లేదు.

1937 సంవత్సరాన్ని మళ్ళీ ఒకసారి తలచుకుందాం. ఆ ఏడాదే అమెరికాలో ఒక కంపెనీ సల్ఫా మందును తియ్యని ద్రవంగా తయారుచేయడానికి డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి అమ్మింది. అది విషమని పరీక్షించి చూడలేదు. నూరుమందికి పైగా చనిపోయారు. వారిలో పిల్లలు చాలామంది. మందు అమ్మే ముందు అది ప్రమాదకరం కాదని కంపెనీ చూపాలన్న 1938 నాటి అమెరికా చట్టానికి అదే కారణమైంది. పిల్లలకు మాత్ర మింగడం రాదు, ద్రవం కావాలి, చేదు పోవాలి. ఆ అవసరంలోంచే ప్రమాదం వచ్చింది. అదే రసాయనం కలిసిన దగ్గుమందు వల్ల 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లలు మూత్రపిండాలు దెబ్బతిని మరణించారు. మధ్యలో ఎనభై ఎనిమిదేళ్ళు ఉన్నాయి.

7. పత్తి చేలు

పల్నాడు గురించి రాస్తూ పురుగుమందును వదిలేయలేం. పత్తి, మిరప చేలలో చల్లే ఆర్గానోఫాస్ఫేట్ మందులను రక్తంలో విరిచే ఒక ఎంజైము పేరు పారాక్సొనేజ్. పుట్టిన బిడ్డలో ఇది పెద్దవారి కంటే చాలా తక్కువ. పెద్దల స్థాయికి చేరువ కావడానికి రెండేళ్ళో, ఇంకా ఎక్కువో పడుతుంది. పాకే వయసులో బిడ్డ నేల తాకిన చేతిని నోట్లో పెట్టుకుంటుంది. చేలో పనిచేసి వచ్చిన తండ్రి చొక్కాను హత్తుకుంటుంది. రక్షణ తక్కువగా ఉన్న వయసులోనే స్పర్శ ఎక్కువ. 2013 జూలై 16న బీహార్ సారణ్ జిల్లాలోని ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. మన ఇళ్ళలో ఖాళీ మందు డబ్బాలలో కిరోసిన్, నూనె, చివరికి నీళ్ళు పోసుకున్న రోజులు నాకు తెలుసు. కడిగాం కదా అనేవారు.

8. కృత్యం

మీ గ్రామంలో లేదా వీధిలో అరవై దాటినవారు, నలభైలలో ఉన్నవారు, ఇరవైలలో ఉన్నవారు కొందరిని కలవండి. పుట్టిన సంవత్సరం, ఎనిమిదేళ్ళు వచ్చేవరకు తాగిన నీరు ఎక్కడిది, ఊళ్ళో బోరు ఎప్పుడు పడింది, కాలువ నీరు లేదా కుళాయి ఎప్పుడు వచ్చింది అనేవి రాసుకోండి. ఇంట్లో జొన్న తినేవారా, వరి తినేవారా, పాడి ఉందా అన్నది తప్పక అడగండి. తరువాత పళ్ళ సంగతి. పై ముందుపళ్ళ పైభాగం సుమారు మూడు నాలుగు నెలల వయసు నుంచి నాలుగైదేళ్ళ మధ్య తయారవుతుంది. రెండవ దవడపన్ను ఏడెనిమిదేళ్ళ దాకా తయారవుతూనే ఉంటుంది. ముందుపళ్ళు తెల్లగా ఉండి వెనుకపళ్ళకు మచ్చలుంటే ఆ ఇంటి నీరు ఎప్పుడు మారిందో మీరే అంచనా వేసి, వారు చెప్పిన సంవత్సరంతో సరిచూడండి. ఊరందరికీ ఉన్న మచ్చకూ ఒక్కరికే ఉన్న చారకూ తేడా గమనించండి. మరక కనబడినంత మాత్రాన ఫ్లోరైడ్ అని రాయవద్దు. మండల స్థాయి గ్రామీణ నీటి సరఫరా కార్యాలయంలో మీ ఊరి నీటి పరీక్ష వివరాలు అడగవచ్చు.

నోరు తెరిచి చూపమని అడిగే ముందు, ముఖ్యంగా ఆడవారిని, ఎందుకు అడుగుతున్నారో చెప్పి అనుమతి తీసుకోండి. ఫోటోలు తీయవద్దు.